రైలు దిగి నడక, నడిచొచ్చి రైలు: స్టేషన్ నుంచి స్టేషన్‌కి పల్లె దారుల్లో నడక ఎలా ప్లాన్ చేసుకోవాలి

పదహారు కిలోమీటర్లు ఎక్కడా దారి తప్పకుండా నడిచొచ్చి, ఆఖరి రెండు వందల మీటర్ల దగ్గర రైలు పోగొట్టుకున్నాను ఒకసారి. మ్యాప్‌లో కాలిబాట సరిగ్గా స్టేషన్ పక్కకే వచ్చి ఆగుతోంది, అది నిజమే, కాకపోతే అది స్టేషన్‌కి వెనక పక్క. మధ్యలో రెండు జతల పట్టాలు, వాటికి ఇవతల నిలువెత్తు కంచె. ప్లాట్‌ఫామ్ కనిపిస్తోంది, దాని మీద కూర్చున్న మనుషులు కనిపిస్తున్నారు, కాసేపటికి రైలు కూడా వచ్చి ఆగింది, ఎక్కేవాళ్లు ఎక్కారు, వెళ్లిపోయింది. పట్టాలు దాటే గేటు ఇంకో కిలోమీటరున్నర అవతల ఉందని ఆ తర్వాత తెలిసింది. మళ్లీ రైలు మూడు గంటలకి.

ఆ మూడు గంటలు బెంచీ మీద కూర్చుని తేల్చుకున్నది ఏంటంటే, ఇలాంటి నడకని తోక దగ్గర నుంచి తలకి ప్లాన్ చేసుకోవాలి. ఇంటికి తీసుకొచ్చే రైలు ఏదో ముందు తేలాలి, అది ఎక్కే ప్లాట్‌ఫామ్‌కి కాలినడకన ఎటు నుంచి వెళ్లొచ్చో తేలాలి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే పొద్దున ఎన్నింటికి ఏ స్టేషన్‌లో దిగాలో దానంతట అదే తెలుస్తుంది. అప్పటి నుంచి నేను ఇదే పద్ధతిలో వెళ్తున్నాను. పెద్ద ట్రెక్కింగులూ, గుడారాలూ ఈ లెక్కలోకి రావు. పొద్దున రైల్లో వెళ్లి, పొలాలూ గుట్టలూ చెరువు గట్లూ చూసుకుంటూ నడిచి, సాయంత్రం ఇంకో స్టేషన్‌లో రైలెక్కి ఇంటికి వచ్చేసే ఒక్క రోజు వ్యవహారం ఇది.

అసలు రైలే ఎందుకు? కారేసుకుని వెళ్తే ఎక్కడ పెట్టామో మళ్లీ అక్కడికే రావాలి, గుంజకి కట్టేసిన గేదె లాగా ఎంత తిరిగినా దాని చుట్టూనే. రైలైతే ఒక చోట దింపుతుంది, ఇంకో చోట ఎక్కించుకుంటుంది, మధ్యలో ఉన్నదంతా మనది. ప్రపంచంలో బాగా పేరున్న కొన్ని నడక దారులు ఇలా రైలుకి అతుక్కునే ఉన్నాయి. ఇటలీలో చింక్వె తెర్రె అనే తీరంలో వరసగా ఐదు ఊళ్లు, ఐదింటికీ స్టేషన్లున్నాయి, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కొండ అంచు బాట మీద నడిచి, కాళ్లు నొప్పెడితే అక్కడే రైలెక్కేయొచ్చు. స్కాట్లాండ్‌లో 1980లో మొదలైన వెస్ట్ హైలాండ్ వే 154 కిలోమీటర్ల దారి, దాని మొదటి ఊళ్లోనూ చివరి ఊళ్లోనూ రైల్వే స్టేషనుంది. టోక్యో నుంచి జనం వెళ్లే తకావో కొండ ఎత్తు 599 మీటర్లు, స్టేషన్ బయటికొస్తే బాట మొదలు కొద్ది అడుగుల్లోనే. స్కాట్లాండ్‌లోనే కోరూర్ అని ఒక స్టేషనుంది, దానికి పబ్లిక్ రోడ్డే లేదు, అక్కడికి చేరాలంటే రైలెక్కాలి, లేదా నడవాలి.

మొదటి పని: రెండు స్టేషన్లు వెతకడం

మీకు అందుబాటులో ఉన్న రైలు లైను ఒకటి పట్టుకుని మ్యాప్‌లో దాని వెంట వేలు పెట్టి వెళ్లండి. పెద్ద జంక్షన్లు కాదు, ప్యాసింజర్ రైళ్లు ఆగే చిన్న స్టేషన్లూ, హాల్టులూ చూడాలి. మొదటిసారి అయితే రెండింటి మధ్య నడక దారి 8 నుంచి 10 కిలోమీటర్లు ఉంటే చాలు. అలవాటున్నవాళ్లకి 14, 15. అంతకు మించి పెట్టుకుంటే చివరి గంటలో చుట్టూ ఏముందో చూడడం మానేసి గడియారం చూడడం మొదలుపెడతారు.

ఇక్కడ రైలు లైన్ల గురించి ఒక సంగతి తెలిస్తే చాలా పనికొస్తుంది. రైలు ఎత్తు ఎక్కలేదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ కాబట్టి, నూరు మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు అంటేనే రైలుకి అది చెప్పుకోదగ్గ ఎక్కుడు. అందుకని లైను వేసినవాళ్లు నదుల పక్కనా, లోయల్లోనా, కొండల్ని చుట్టేసుకుంటూ తీసుకెళ్లారు. మనిషికి ఆ బాధ లేదు, కొండకి అడ్డంగా ఎక్కి దిగిపోగలడు. అంటే రైల్లో పాతిక కిలోమీటర్లు చుట్టి వచ్చే రెండు స్టేషన్ల మధ్య, గుట్ట మీదుగా నడిస్తే తొమ్మిదో పదో ఉండొచ్చు. మ్యాప్‌లో లైను ఎక్కడ పెద్ద వంపు తిరిగిందో అక్కడ ఆగి చూడండి, ఆ వంపు లోపల గుట్ట ఉంటుంది, గుట్ట మీద చాలాసార్లు పాత కాలిబాట ఉంటుంది. నా లెక్కలో అన్నింటికన్నా మంచి నడకలు ఇవే: ఒక లోయలో దిగడం, పైకెక్కడం, ఇంకో లోయలో దిగి రైలెక్కడం.

అలాంటి వంపు దొరకలేదా, లైనుకి సమాంతరంగా పోయే దారి ఎంచుకోండి. అందం కాస్త తక్కువైనా ధైర్యం ఎక్కువ, ఎందుకంటే మధ్యలో ఇంకో స్టేషన్ ఉంటుంది, వానొచ్చినా మడమ బెణికినా అక్కడే ఆపేయొచ్చు. పిల్లలతోనో, కొత్తవాళ్లతోనో వెళ్లేటప్పుడు నేను ఇదే చూస్తాను.

స్టేషన్ పేరు చూసి మోసపోకండి. పేరులో ఊరుంటుంది, ఊరు మాత్రం అక్కడ ఉండదు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ స్టేషన్ పేరు చివర "రోడ్" అని ఉందంటే, ఆ ఊరికి రోడ్డు ఇక్కడి నుంచి మొదలవుతుందని అర్థం. ఆబూ రోడ్‌లో దిగితే మౌంట్ ఆబూ ఇంకా దాదాపు 28 కిలోమీటర్లు. "రోడ్" అని లేకపోయినా నమ్మకం లేదు. ఇంగ్లండ్‌లో డెంట్ అనే స్టేషన్ నుంచి డెంట్ ఊరికి 6 కిలోమీటర్ల పైనే, అదీ స్టేషన్ కొండ మీద, ఊరు కింద లోయలో. పొద్దున అక్కడ దిగి ఊరి వైపు నడవడం హాయి. సాయంత్రం కాళ్లు ఈడ్చుకుంటూ ఊళ్లోకి చేరాక, స్టేషన్ ఇంకా ఆరు కిలోమీటర్లు, అదీ ఎక్కుడు అని తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మ్యాప్‌లో ఎప్పుడూ ఊరికి కాకుండా ప్లాట్‌ఫామ్‌కే గుర్తు పెట్టుకోండి.

రెండో పని: ఏ వైపు నుంచి ఏ వైపుకి

రెండు స్టేషన్లు దొరికాక జనం సాధారణంగా దగ్గరి స్టేషన్‌లో దిగి దూరంగా ఉన్నదాని వైపు నడుస్తారు. నా సలహా దాదాపు ఎప్పుడూ దీనికి ఉల్టా. రైళ్లు తక్కువగా ఆగే స్టేషన్‌కి పొద్దున్నే రైల్లో వెళ్లిపోండి, రైళ్లు ఎక్కువగా ఆగే స్టేషన్ వైపు నడవండి.

కారణం చిన్నదే. పొద్దున రైలు ఎన్నింటికో మీకు ముందే తెలుసు, దాన్ని అందుకోవడం మీ చేతిలో ఉన్న పని, అలారం పెట్టుకుంటే చాలు. సాయంత్రం మీరు ఎన్నింటికి చేరతారో మీకే తెలియదు. తెలియని వైపున రైళ్లు ఎక్కువ ఉండాలి. రోజుకి రెండే రైళ్లు ఆగే హాల్టు వైపు నడుస్తుంటే ప్రతి మలుపు దగ్గరా టెన్షనే. అరగంటకో రైలుండే స్టేషన్ వైపు నడుస్తుంటే చెరువు గట్టు మీద ఇంకో పావుగంట కూర్చోవచ్చు, ఎవరైనా పలకరిస్తే నిలబడి మాట్లాడొచ్చు. దూరం వైపు ముందు వెళ్లిపోతే ఇంకో లాభం, నడిచే ప్రతి అడుగూ ఇంటికి దగ్గర చేస్తుంది.

ఆ తర్వాత చూడాల్సినవి చిన్నచిన్నవి. ఒక స్టేషన్ ఎత్తులో ఉంటే అక్కడి నుంచి కిందికి రావడం తేలిక. మధ్యాహ్నం దాటాక పడమరకి నడిస్తే ఎండ నేరుగా కళ్లలోకి కొడుతుంది. చలికాలం మైదానంలో ఎదురుగాలి విసిగిస్తుంది. ఇవి పోట్లాడుకుంటే రైళ్ల సంఖ్య చెప్పిందే వినండి, ఎండకి టోపీ ఉంది.

టైమ్‌టేబుల్ చూసేటప్పుడు మూడు తప్పులు అందరూ చేస్తారు, నేనూ చేశాను. ఒకటి, వారం రోజులది చూసి ఆదివారం వెళ్లడం. రెండు, వెళ్లే వైపు ఆగే రైలు వచ్చే వైపు కూడా ఆగుతుందనుకోవడం. ఒకే రైలు పోతూ ఆగి, వస్తూ ఆగకుండా పోవచ్చు. మూడోది అన్నింటికన్నా పెద్దది, ఆఖరి రైలు చూసుకుని దానికి తగ్గట్టు నడక కట్టుకోవడం. ఆఖరి రైలు మీది కాదు. దానికి ముందు రైలు మీది. ఆఖరిది ఏదైనా అటూ ఇటూ అయినప్పుడు ఆదుకోవడానికి అక్కడ పెట్టి ఉంచుకున్నది, దాని గురించి ప్లాన్‌లో రాయకండి. ముందు రోజు రాత్రి మళ్లీ ఒకసారి చూడండి, లైను మరమ్మతు పనులంటూ ప్యాసింజర్ రైళ్లనే ముందు రద్దు చేస్తారు.

మూడో పని: వెనక్కి లెక్క

విలియం నేస్మిత్ అనే స్కాట్లాండ్ కొండలెక్కే ఆసామి 1892లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ అందరూ దాని మీదే ఆధారపడతారు. మ్యాప్ మీద ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అంటే 300 మీటర్లు ఎక్కాలంటే అరగంట కలపాలి. ఆయన చెప్పింది ఆరోగ్యంగా, ఆగకుండా నడిచే మనిషికి. నీళ్లు తాగడం, ఫొటోలు తీయడం, దారి అడగడం ఇందులో లేవు. మన లాంటి వాళ్లకి గంటకి 4 కిలోమీటర్లు పెట్టుకుంటే నిజానికి దగ్గరగా వస్తుంది, మెత్తటి దుక్కిలోనో బురదలోనో అయితే 3. గుంపుగా వెళ్తే అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే గుంపు వేగం, సగటు తీయకండి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. దారి 14 కిలోమీటర్లు, మధ్యలో ఎక్కాల్సింది 300 మీటర్లు. గంటకి 4 చొప్పున మూడున్నర గంటలు, ఎత్తుకి అరగంట, మొత్తం 4 గంటలు. గంటకి పది నిమిషాల ఆగుళ్లు, 40 నిమిషాలు. కూర్చుని తినడానికి ఇంకో 40. దారి వెతుక్కోవడాలూ, ముచ్చట్లూ ఒక అరగంట. మొత్తం 5 గంటల 50 నిమిషాలు. నేస్మిత్ లెక్కలో ఇదే దారి 3 గంటల 18 నిమిషాలు, చూశారుగా తేడా!

ఇప్పుడు చేరే స్టేషన్‌లో సాయంత్రం రైళ్లు 4:10కి, 5:40కి, 7:30కి ఉన్నాయనుకుందాం. 7:30ది ఆఖరిది, కాబట్టి అది లేదనుకోండి. మీది 5:40. ప్లాట్‌ఫామ్ మీద 20 నిమిషాల ముందు ఉండాలి, అంటే 5:20. అక్కడి నుంచి 5 గంటల 50 నిమిషాలు వెనక్కి వెళ్తే పొద్దున 11:30. అప్పటికి మీరు మొదటి స్టేషన్‌లో దిగి ఉండాలి. అక్కడికి వెళ్లే రైళ్లు 9:50కి ఒకటి, 12:15కి ఒకటి దింపుతాయంటే ఇక ఆలోచించడానికేం లేదు, 9:50దే. పైగా 9:50కి దిగితే 3:40కే చేరతారు, 4:10 రైలు కూడా దొరుకుతుంది. 12:15కి దిగితే చేరేసరికి 6:05, అప్పటికి 5:40 వెళ్లిపోయింది, ఆఖరి రైలే గతి. అలాంటప్పుడు రైలుని కాదు, దారిని కుదించుకోవాలి.

పొద్దు కూకే వేళ కూడా ఈ లెక్కలో వేసుకోండి. భూమధ్య రేఖకి దగ్గరున్న ప్రాంతాల్లో సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు, అస్తమించాక పాతిక నిమిషాలు కూడా వెలుగు నిలవదు. దారిలో ఉండగా ఎంత పొద్దుందో చూసుకోవడానికి పాత కొలత ఒకటి ఉంది: చెయ్యి బారుగా చాపి, వేళ్లు అడ్డంగా పెట్టి, నేల అంచుకీ సూర్యుడి కింది అంచుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడడం. వేలికి సుమారు పావుగంట, బెత్తెడు పొద్దుంటే గంట. సూర్యుణ్ణే గుచ్చి చూడకండి, కింద ఖాళీని చూడండి చాలు. పడమటి వైపు గుట్ట ఉంటే దాని వెనక్కి ముందే పోతాడు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

నాలుగో పని: దారి మొత్తం ఒకసారి కళ్లతో నడవడం

ఇది ఇంట్లో కూర్చుని చేసే పని, దీనికి అరగంట పెడితే బయట రెండు గంటలు మిగులుతుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా దారులు చేర్చొచ్చు కాబట్టి పెద్ద కంపెనీల మ్యాపుల్లో లేని కాలిబాటలు చాలాచోట్ల అందులో దొరుకుతాయి. ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ లాంటి యాప్‌లు ఆ మ్యాప్‌నే ఫోన్లోకి దింపి పెడతాయి, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. కాగితం మ్యాప్ దొరికితే ఇంకా మంచిది. 1:50,000 స్కేలు మ్యాప్‌లో 2 సెంటీమీటర్లు అంటే కిలోమీటరు, 1:25,000లో 4 సెంటీమీటర్లు. ఎత్తు గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఎక్కుడు నిటారుగా ఉంటుంది, ఎడంగా ఉంటే చదును.

మ్యాప్‌లో గీత ఉందంటే దారి ఉందని కాదు. అదే దారిని శాటిలైట్ బొమ్మలో పెద్దది చేసి చూడండి. బాట పొలంలో కలిసిపోయిందా, వాగు దగ్గర వంతెన ఉందా లేక గీత ఊరికే నీళ్లలోంచి పోయిందా, కొత్తగా ఏదైనా ప్రహరీ లేచిందా. వాగు దాటాల్సిన చోట వంతెన కనిపించకపోతే వానల రోజుల్లో ఆ దారి వదిలేయండి.

అన్నింటికన్నా ముఖ్యంగా రైలు లైనుని ఒక నది అనుకుని చూడండి. మీ దారి దాన్ని ఎక్కడ దాటుతోంది? లెవెల్ క్రాసింగా, కింది నుంచి వంతెనా, పై నుంచి వంతెనా? అలాంటివి రెండు మూడు కిలోమీటర్లకి ఒకటి కూడా లేని లైన్లున్నాయి. స్టేషన్‌కి వచ్చే దారి ప్లాట్‌ఫామ్ ఉన్న వైపే వస్తోందా? రెండు ప్లాట్‌ఫామ్‌లుంటే మీ రైలు ఏ దాని మీదకి వస్తుంది, మధ్యలో ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉందా? నా మూడు గంటలు పోయింది ఈ ఒక్క ప్రశ్న వేసుకోకనే. ఇప్పుడు ప్లాన్ మొదలుపెట్టగానే ముందు చివరి కిలోమీటరే చూస్తాను.

ఇక ఎవరి నేల మీద నడవొచ్చు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. స్వీడన్, నార్వేల్లో ఇళ్ల ఆవరణలూ పంటలూ తప్పించి ప్రకృతిలో స్వేచ్ఛగా నడిచే హక్కు జనానికి ఉంది. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూ సంస్కరణ చట్టం దాదాపు అలాంటి హక్కే ఇచ్చింది. ఇంగ్లండ్‌లో చాలావరకు గుర్తించిన కాలిబాటల మీదే నడవాలి. ఆ హక్కుల కోసమే 1932 ఏప్రిల్‌లో కిండర్ స్కౌట్ గుట్ట మీదకి కొన్ని వందల మంది అనుమతి లేకుండా ఎక్కారు, కొందరు జైలుకి కూడా వెళ్లారు. స్విట్జర్లాండ్‌లో దాదాపు 65,000 కిలోమీటర్ల నడక దారులకి పసుపు బోర్డులున్నాయి, చాలాచోట్ల అవి స్టేషన్ ముందు నుంచే మొదలవుతాయి, దూరానికి బదులు ఎంతసేపు పడుతుందో రాసి ఉంటుంది, నాకు భలే నచ్చే పద్ధతి. ఇలాంటి ఏర్పాట్లేవీ లేని చోట బండ్ల దారులు, గట్లు, ఊరి రోడ్లు పట్టుకోండి. పొలంలోంచి పోవాల్సి వస్తే అక్కడున్న మనిషిని అడగండి. అడిగితే చాలాసార్లు వద్దనరు, పైగా మంచి దారి చూపిస్తారు.

టిక్కెట్టు, సంచి

వెళ్లే స్టేషన్ వేరు, వచ్చే స్టేషన్ వేరు, కాబట్టి రానూపోనూ టిక్కెట్టు తీసుకునే ముందు రెండో స్టేషన్ నుంచి అది చెల్లుతుందా అని అడగండి. రెండూ ఒకే లైనులో ఉంటే దూరపు దానికి తీసుకున్న రిటర్ను చాలాచోట్ల దగ్గరి దాని నుంచి కూడా పనికొస్తుంది, అన్నిచోట్లా కాదు. అనుమానంగా ఉంటే రెండు విడి టిక్కెట్లు. హాల్టుల్లో కౌంటరే ఉండకపోవచ్చు, తిరుగు టిక్కెట్టు ఎలా తీసుకోవాలో పొద్దున్నే తెలుసుకోండి.

సంచిలో నీళ్లు ముందు. మామూలు వాతావరణంలో నడిచే గంటకి అర లీటరు, ఎండ తీవ్రంగా ఉంటే దానికి రెట్టింపు కూడా అవుతుంది. తినడానికేదో, వానకోటు, టోపీ, ఒక జత అదనపు మేజోళ్లు, బొబ్బలకి పట్టీలు, చిన్న టార్చి, విజిల్, కొంచెం నగదు. పవర్ బ్యాంక్ సరే గానీ అంతకన్నా ముందు ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది, ఛార్జి చాలాసేపు వస్తుంది. బూట్లు కొత్తవి వద్దు. అంతే, ఇంతకన్నా మోసుకెళ్తే మోసినదాని గురించే ఆలోచిస్తారు.

ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టండి: ఎక్కడ దిగుతున్నాను, ఎక్కడ ఎక్కుతున్నాను, ఏ రైలు, ఎన్ని గంటల వరకు ఫోన్ రాకపోతే కంగారు పడాలి. ఆఖరిది రాయడం చాలామంది మర్చిపోతారు, కానీ ఎదురుచూసేవాళ్లకి కావాల్సింది అదే.

ఆ రోజు పొద్దున

రైలు ఆలస్యమైతే? అందుకే పైన లెక్కలో వచ్చిన 11:30ని ఒక చీటీ మీద రాసుకోమంటాను. దిగేసరికి 11:30 లోపయితే మొత్తం దారి. దాటిపోతే పొట్టి దారి, లేదా మధ్య స్టేషన్ దాకా మాత్రమే. ఇది ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడు నిర్ణయించుకోవాల్సింది, ప్లాట్‌ఫామ్ మీద ఉత్సాహంలో కాదు, ఉత్సాహం ఎప్పుడూ "ఏం కాదులే పద" అనే అంటుంది.

చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ పొట్టిగా ఉంటుంది, వెనక పెట్టెలు దానికి అందవు. ఏ పెట్టె ఎక్కాలో ముందే అడగండి. యూరప్‌లో కొన్ని హాల్టుల్లో అడిగితేనే రైలు ఆగుతుంది. లోపల ఉన్నవాళ్లు బటన్ నొక్కాలి లేదా గార్డుకి చెప్పాలి, బయట ఉన్నవాళ్లు చెయ్యి ఊపాలి లేదా ప్లాట్‌ఫామ్ మీది మీట నొక్కాలి. తెలియక మెదలకుండా కూర్చుంటే మీ స్టేషన్ కిటికీలోంచి చక్కగా కనిపించి వెళ్లిపోతుంది.

దిగాక వెంటనే నడక మొదలుపెట్టకండి. రైలు వెళ్లిపోనివ్వండి, నిశ్శబ్దం కానివ్వండి, మ్యాప్ తీసి మీరు ఏ వైపు తిరిగి నిలబడ్డారో చూసుకోండి. దారి తప్పడాలు ఎక్కువగా మొదటి అర కిలోమీటరులోనే జరుగుతాయి, అందరూ ఎటు పోతే అటు పోవడం వల్ల.

నడిచేటప్పుడు

పట్టాల మీద నడవకండి. నేరుగా ఉంది, చదునుగా ఉంది, దారి తప్పేది లేదు అనిపిస్తుంది, ఆ ఆశ దగ్గరే ఆగిపోండి. చాలా దేశాల్లో అది నేరం, కానీ నేను చెప్పేది దానికి కాదు. ఎదురుగా మీ వైపే వచ్చే రైలు ఎంత వేగంగా వస్తోందో కంటికి తెలియదు, బిందువు పెద్దదవుతున్నట్టు ఉంటుందంతే. కరెంటు ఇంజన్ల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినపడదు, ఎదురుగాలిలో అసలే వినపడదు. వేగంగా వచ్చే బరువైన గూడ్సు రైలు బ్రేకు వేశాక కూడా ఆగడానికి కిలోమీటరు పైనే పట్టొచ్చు. వంతెన మీదో సొరంగంలోనో ఉంటే తప్పుకోవడానికి చోటుండదు, పెట్టెలు పట్టా కన్నా బయటికి పొడుచుకుని ఉంటాయి. పై తీగల్లో చాలా లైన్లలో 25,000 వోల్టులు, తాకక్కర్లేదు, దగ్గరికి పొడవాటి కర్ర ఎత్తినా చాలు. కొన్ని దేశాల్లో పక్కన నేల మీదున్న మూడో పట్టాలోనే కరెంటు పోతుంటుంది. గేటు దగ్గర ఒక రైలు పోగానే అడుగు వేయకండి, రెండో పట్టా మీద ఇంకోటి రావచ్చు.

రోడ్డు మీద ఫుట్‌పాత్ లేకపోతే వచ్చే బళ్లకి ఎదురుగా నడవండి. బళ్లు ఎడమన పోయే దేశంలో మీరు కుడి అంచున, కుడిన పోయే దేశంలో ఎడమ అంచున. బాగా ముడుచుకుపోయిన మలుపుల్లో మాత్రం అవతలి డ్రైవరుకి కనపడే వైపుకి మారండి. పొలం గేట్లు ఎలా ఉంటే అలాగే వదలండి. తీసి ఉన్నదాన్ని మంచిదని మూస్తే అవతలి పశువులకి నీళ్లు అందకపోవచ్చు. ఆవుకీ దూడకీ మధ్యలోంచి పోకండి. కుక్కలు మొరుగుతూ వస్తే పరిగెత్తకుండా, వాటి కళ్లలోకి చూడకుండా, నెమ్మదిగా పక్కకి జరుగుతూ వెళ్లండి, సంచిని మీకూ వాటికీ మధ్య పెట్టుకోండి.

ఉరుముల విషయంలో బేరాలొద్దు. మెరుపు కనిపించిన తర్వాత ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గట్టు దిగిపోండి, ఒంటరి చెట్టు కిందకి వద్దు, భవనంలోకో తలుపులు మూసిన కారులోకో చేరండి. నాలుగు పక్కలా తెరిచున్న షెడ్డు లెక్కలోకి రాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. రైలు పోతే పోయింది, ఆఖరిది అందుకే దాచుకున్నాం.

దారిలో ఒక చోటు ముందే గుర్తు పెట్టుకోండి, అక్కడి నుంచి వెనక్కి వెళ్లడం కన్నా ముందుకెళ్లడమే దగ్గరయ్యే చోటు. దానికి కొంచెం ముందు ఒకసారి కూర్చోండి. లెక్క ప్రకారం ఇక్కడికి ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వచ్చాం? అరగంటకి పైగా వెనకబడితే మిగతా సగంలో అది రెట్టింపవుతుంది, ఎందుకంటే కాళ్లు మధ్యాహ్నం దాటాక వేగం పెంచవు, తగ్గిస్తాయి. పొట్టి దారి, మధ్య స్టేషన్, బస్సు పోయే రోడ్డు, ఏది దగ్గరైతే అది అక్కడే తేల్చుకోండి.

చివరి కిలోమీటరు, తర్వాత రైల్లో

స్టేషన్ దగ్గరపడ్డాక ఒక చిత్రం జరుగుతుంది, సిగ్నల్ స్తంభాలు కనిపించగానే మ్యాప్ చూడడం మానేస్తాం. అప్పుడే చూడాలి. ఇంట్లో చూసి పెట్టుకున్న గేటు దగ్గరే లైను దాటండి, అడ్డదారి అని ఎవరైనా కంచెలో కంత చూపించినా సరే. ప్లాట్‌ఫామ్ ఎక్కాక ముందు బోర్డు చూసి రైలు ఏ వైపు వస్తుందో ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే కూర్చోండి. ఒకసారి కూర్చుంటే లేవబుద్ధి కాదు.

బూట్ల బురద ఎక్కేముందే దులుపుకోండి, సంచి సీటు మీద కాకుండా కాళ్ల దగ్గర పెట్టుకోండి, చుట్టూ ఉన్నవాళ్లు పనుల నుంచి ఇళ్లకి పోతున్నవాళ్లు. తర్వాత నిద్రపోయేముందు ఐదు నిమిషాలు ఒక పని చేయండి. పొద్దున రాసుకున్న చీటీ తీసి, ప్రతి ముక్కకి లెక్క ఎంత, నిజంగా పట్టింది ఎంత అని పక్కపక్కన రాయండి. ఎక్కడ బాట లేదో, ఏ గేటు తాళం వేసి ఉందో, నీళ్లు ఎక్కడ దొరికాయో కూడా. నాలుగు నడకలయ్యేసరికి నేస్మిత్ లెక్కతో పని ఉండదు, మీ వేగం ఎంతో మీ చేతిరాతలోనే ఉంటుంది. నాకు తేలింది గంటకి 3.6 కిలోమీటర్లు, అదీ దారిలో చెరువు లేకపోతే. ఉంటే ఇంకో నలభై నిమిషాలు ముందే కలిపేస్తున్నాను.